అమ్మమ్మకు లేని షుగరు మనవరాలికి ఎక్కడిది? లాటినో వలస కుటుంబాల గురించి ఒక చర్చ

వేపచెట్టు
సోమవారం, రాత్రి 9:40

టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో ఒక చిన్న వైద్యశాలలో తొమ్మిదేళ్లుగా ఆహార సలహాదారుగా పనిచేస్తున్నాను. మా దగ్గరకు వచ్చేవారిలో ఎక్కువమంది మెక్సికో మూలాలున్నవారు. పోయిన గురువారం జరిగింది ఇంకా నా మనసులోంచి పోలేదు.

అమ్మమ్మ, మనవరాలు కలిసి వచ్చారు. అమ్మమ్మకు 71 ఏళ్లు. సాన్ లూయిస్ పొతోసీ రాష్ట్రంలోని ఒక పల్లె నుంచి నలభయ్యో ఏట ఇక్కడికి వచ్చింది. చదివింది మూడో తరగతి. ముప్పై ఏళ్లు ఊళ్లోవాళ్ల ఇళ్లు తుడిచింది. ఇప్పటికీ వారానికి మూడు ఇళ్లకు వెళ్తుంది. షుగరు లేదు, రక్తపోటు లేదు. మనవరాలికి 29. ఇక్కడే పుట్టింది, డిగ్రీ చదివింది, కార్యాలయంలో ఉద్యోగం, ఆరోగ్య బీమా కూడా ఉంది. ఆ అమ్మాయి మూడు నెలల సగటు షుగరు (హెచ్‌బీఏ1సీ పరీక్ష) 9.1 శాతం. రక్తపోటు కూడా మొదలైంది.

మా డాక్టరు గారు మంచి మనసుతోనే, "మీ అమ్మమ్మ తిన్నట్టు తినమ్మా, అదే మందు" అన్నారు. ఆ అమ్మాయి కళ్లలో నీళ్లు తిరిగాయి. "నేను తినేది ఆమె వండిందే" అంది. అమ్మమ్మకు ఇంగ్లీషు రాదు. ఏం జరిగిందో తెలియక మనవరాలి చేయి పట్టుకుని నా వైపు చూసింది.

వలస వచ్చినవారు అమెరికా అలవాట్లకు దగ్గరయ్యే కొద్దీ ఆరోగ్యం చెడుతుందని మాకు శిక్షణలో చెప్పారు. నేనూ తొమ్మిదేళ్లుగా అదే అప్పజెబుతున్నాను. ఆ రోజు మాత్రం నా మాట నాకే సరిపోలేదు. ఈ విషయం తెలిసినవారు ఉంటే చెప్పండి, నిజంగా తెలుసుకోవాలని ఉంది.


లెక్కల పుస్తకం
సోమవారం, రాత్రి 11:15

వేపచెట్టు గారూ, మీరు అడిగిన ప్రశ్న చుట్టూ ఈ రంగంలో నలభై ఏళ్లుగా వాదన నడుస్తోంది. నేను షికాగోలో ప్రజారోగ్య గణాంకాల విభాగంలో పనిచేస్తాను, కాబట్టి ముందు లెక్కలు చెబుతాను.

1986లో కిరియాకోస్ మార్కిడెస్, జెనీన్ కొరైల్ అనే ఇద్దరు పరిశోధకులు నైరుతి అమెరికాలోని హిస్పానిక్ ప్రజల గణాంకాలను పరిశీలించారు. హిస్పానిక్ అంటే స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్నవారు, లాటినో అన్నా దాదాపు అదే. ఆదాయం, చదువు చూస్తే వీరు నల్లజాతివారికి దగ్గరగా ఉన్నారు. శిశుమరణాలు, ఆయుర్దాయం చూస్తే తెల్లవారికి దగ్గరగా ఉన్నారు. పేదరికం ఉన్నచోట జబ్బు ఉంటుందన్న సూత్రం ఇక్కడ తప్పింది. తర్వాత 2006 సంవత్సరానికి ప్రభుత్వం తొలిసారి హిస్పానిక్ ప్రజల ఆయుర్దాయాన్ని విడిగా లెక్కకట్టింది. వారిది 80.6 ఏళ్లు, తెల్లవారిది 78.1, నల్లజాతివారిది 72.9.

దీనికి రెండు సమాధానాలు వినిపించేవి. ఒకటి, అంత దూరం నడిచి, ఎండకూ ఎడారికీ ఓర్చి రాగలిగినవారు మొదటినుంచీ గట్టివారై ఉంటారని. రెండోది, జబ్బు ముదిరినవారు సొంత ఊరికి వెళ్లి కన్నుమూస్తారు కాబట్టి ఆ మరణాలు అమెరికా లెక్కలో పడవని. పుట్టిన ఏటికే తిరిగివెళ్లే సాల్మన్ చేప పేరుతో దీన్ని పిలుస్తారు. ఈ రెండో వాదనను 1999లో అబ్రాయిదో-లాంసా బృందం చాలా తెలివిగా పరీక్షించింది. ఆ రోజుల్లో క్యూబా వారు తిరిగి వెళ్లే వీలు లేదు. పోర్టోరికో అమెరికా అధీనంలోని దీవి, కాబట్టి అక్కడివారు ఇంటికి వెళ్లి మరణించినా అది అమెరికా లెక్కలోనే పడుతుంది. ఈ రెండు సమూహాల్లోనూ మరణాల రేటు తక్కువే వచ్చింది. కాబట్టి చేప కథ ఒక్కటీ చాలదు. వలస వచ్చినవారు సిగరెట్లు తక్కువ కాల్చడం మాత్రం పెద్ద కారణమే.

అయితే ఒక సవరణ. ఈ మేలు షుగరుకు వర్తించదు. హిస్పానిక్ ప్రజల్లో షుగరు తెల్లవారికంటే ఎక్కువ. మీరు చూసిన అమ్మమ్మ అదృష్టవంతురాలు, ఆమె వయసువారిలో చాలామందికి షుగరు ఉంది.


కొత్తిమీర కట్ట
మంగళవారం, ఉదయం 7:05

మరీ లోతుకు వెళ్తున్నారేమో అనిపిస్తోంది. నాకైతే జవాబు పళ్లెంలోనే ఉంది. మొక్కజొన్న రొట్టె, ఉడికించిన చిక్కుళ్లు, బ్రహ్మజెముడు ఆకుల కూర తిన్న తరం వేరు. సీసా సోడాలు, కారు కిటికీలోంచి అందుకున్న పొట్లాలు తిన్న తరం వేరు.

ఒకే రక్తం, రెండు దేశాల కథ ఒకటి చెబుతాను. పీమా అనే ఆదివాసులు అరిజోనాలోనూ ఉన్నారు, సరిహద్దు అవతల మెక్సికోలోని సొనోరా కొండల్లోనూ ఉన్నారు. 2006లో వచ్చిన అధ్యయనంలో మెక్సికో పీమాల్లో షుగరు 7 శాతం లోపు, అరిజోనా పీమాల్లో 38 శాతం. వారు వలస వచ్చినవారు కారు, నిజమే. కానీ తిండీ ఒంటి శ్రమా మారితే ఏమవుతుందో ఇంతకంటే స్పష్టంగా ఏది చెబుతుంది?

మన ఇళ్లలో చూడండి. జొన్న సంగటి, రాగి ముద్ద తిన్న తాతలకు ఈ జబ్బు పేరే తెలియదు.


వేపచెట్టు
మంగళవారం, మధ్యాహ్నం 1:20

కొత్తిమీర కట్ట గారూ, నిన్నటిదాకా నేనూ మీ మాటే అనేదాన్ని. ఆ అమ్మాయి వారం రోజుల తిండి పుస్తకం ఇప్పుడు నా ముందుంది, అందులో ఉన్నది చెబుతాను.

సోమవారం రాత్రి: అమ్మమ్మ చేసిన చిక్కుళ్లు, రెండు రొట్టెలు. మంగళవారం: బ్రహ్మజెముడు, గుడ్డు. బుధవారం: కోడి పులుసు. సోడా వారం మొత్తంలో ఒక్కటి. చేతిరాత గుండ్రంగా, శ్రద్ధగా ఉంది. వేళ రాసిన గడి దగ్గర ఆగాను. రాత్రి 9:50, 10:15, 10:40. పక్కన చిన్నగా "కారులో" అని రాసింది. ఉద్యోగం అయ్యాక ఇంకో చోట లెక్కలు రాసే పని కూడా చేస్తుందట. నిద్ర గడిలో అయిదు, నాలుగున్నర, అయిదు.

పైగా మెక్సికో పల్లె భోజనాన్ని మరీ దేవుడి ప్రసాదం చేయలేం. ఇప్పుడు ఆ దేశం ప్రపంచంలో ఎక్కువగా సోడా తాగేవాటిలో ఒకటి. 2014 జనవరి నుంచి లీటరుకు ఒక పెసో పన్ను వేసి మరీ తగ్గించాలని చూశారు. అక్కడినుంచి ఇప్పుడు వస్తున్నవారిలో కొందరు షుగరుతోనే వస్తున్నారు.


సరిహద్దు దారి
మంగళవారం, సాయంత్రం 6:48

కాలిఫోర్నియా సెంట్రల్ వ్యాలీలో ఉంటాను. ఇరవై రెండేళ్లయింది. ద్రాక్ష తోటల మధ్య పాఠశాలలో బోధిస్తాను, సెలవు రోజుల్లో దుబాసీగా వెళ్తాను.

ఒంటి జబ్బుల సంగతి అలా ఉంచి మనసు సంగతి చూడండి. మా ఫ్రెస్నో ప్రాంతంలోనే సుమారు మూడు వేల మంది మెక్సికో మూలాలవారిని ప్రశ్నించి, 1998లో ఒక అధ్యయనం ప్రచురించారు. జీవితంలో ఎప్పుడైనా మానసిక వ్యాధి వచ్చినవారు వలస వచ్చినవారిలో 24.9 శాతం. ఇక్కడ పుట్టినవారిలో 48.1 శాతం. దాదాపు రెట్టింపు అనుకోండి. ఇక్కడికి వచ్చి పదమూడేళ్లు దాటినవారిలో, కొత్తగా వచ్చినవారికంటే ఎక్కువ. రొట్టె మానేసి పిజ్జా తింటే మనసుకు జబ్బు రాదు కదండీ.

ఇంకో మాట. "లాటినో" అని అందరినీ ఒకే గాటన కట్టేస్తున్నాం. మా తోటల్లో పండ్లు కోసేవారిలో చాలామంది మెక్సికోలోని వహాకా రాష్ట్రం నుంచి వచ్చిన మిష్టెక్, త్రికి ఆదివాసులు. కొందరికి స్పానిష్ కూడా అంతంత మాత్రమే. ఆసుపత్రిలో స్పానిష్ దుబాసీని పెట్టి పని అయిపోయిందనుకుంటారు. ఒకసారి ఒక గర్భిణి ప్రతి ప్రశ్నకూ "సీ, సీ" అని తల ఊపింది. అవును, అవును అని. నొప్పి ఉందా, అవును. నొప్పి లేదా, అవును. పక్కనే ఉన్న ఆమె ఆడబిడ్డ వచ్చి మిష్టెక్‌లో అడిగితే, రెండు రోజులుగా బిడ్డ కదలడం లేదని చెప్పింది. దేవుడి దయవల్ల ఇద్దరూ దక్కారు.

వీరిని చిన్నచూపు చూసేది తెల్లవారు మాత్రమే కాదు. తోటి మెక్సికన్లే "వహాకీతా" అని ఎగతాళి చేస్తారు. పొట్టివాళ్లు, నల్లవాళ్లు, మొరటువాళ్లు అనే అర్థాలన్నీ ఆ ఒక్క మాటలో ఉన్నాయి. 2012లో ఆక్స్‌నార్డ్ ఊళ్లో ఆదివాసీ కుటుంబాలు "నన్ను వహాకీతా అని పిలవొద్దు" అని ఉద్యమం చేస్తే, అక్కడి పాఠశాలల బోర్డు ఆ మాటను నిషేధించింది. సంస్కృతి ఒకటే అనుకున్నచోట కూడా ఒంటి రంగు, మూలం మనిషిని వేరు చేస్తాయని చెప్పడానికే ఇదంతా.


చామనఛాయ
మంగళవారం, రాత్రి 10:30

సరిహద్దు దారి గారు మొదలుపెట్టిన చోటి నుంచే నేను అందుకుంటాను. న్యూయార్క్‌లో సమాజశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను, నా విషయం దీనికి దగ్గరే.

పోర్టోరికోలో మనుషుల రంగుకు ఎన్నో మాటలు ఉన్నాయి. బ్లాంకో అంటే తెలుపు, నేగ్రో అంటే నలుపు. మధ్యలో "త్రిగేన్యో" అని ఒకటుంది. గోధుమ రంగు అని అర్థం. మన పెళ్లి ప్రకటనల్లో "గోధుమ వర్ణం" అని చదివి పెరిగిన నాకు ఆ మాట వినగానే గుండె కలుక్కుమంది.

2005లో గ్రేవ్లీ, డ్రెస్లర్, బెర్నార్డ్ అనే పరిశోధకులు అక్కడి గుయామా పట్టణంలో ఒక పని చేశారు. పరికరంతో ఒంటి రంగు కొలిచారు. ఇరుగుపొరుగు ఆ మనిషిని చూసి ఏ మాటతో పిలుస్తారో, అది వేరుగా రాసుకున్నారు. రక్తపోటు కూడా కొలిచారు. చర్మంలో ఉన్న వర్ణకం ఎంతన్నదానికీ రక్తపోటుకూ ముడి కనిపించలేదు. జనం ఏ రంగుగా చూస్తారన్నదానికీ రక్తపోటుకూ ముడి కనిపించింది. డబ్బూ చదువూ ఉండి "నలుపు" అని పిలిపించుకునేవారిలో రక్తపోటు ఎక్కువగా ఉంది. మళ్లీ చదవండి. మెట్లు ఎక్కినవారిలో ఎక్కువ. వేపచెట్టు గారు చెప్పిన ఆ మనవరాలు చదువుకుని, ఉద్యోగం తెచ్చుకున్న పిల్ల అని గుర్తుంచుకోండి.

నాన్సీ లోపెస్ అనే సమాజశాస్త్రవేత్త దీనికి "వీధి జాతి" అనే భావన తెచ్చారు. మీరు కాగితం మీద ఏం రాసుకున్నా, వీధిలో నడుస్తుంటే ముక్కూమొహం తెలియనివాడు మిమ్మల్ని ఎవరనుకుంటాడు? ఆ ప్రశ్న అడగాలంటారామె. కమారా జోన్స్ బృందం 2008లో చూపింది కూడా ఇదే. తాము హిస్పానిక్ అని చెప్పుకున్నా ఎదుటివారికి తెల్లవారిగా కనబడేవారు తమ ఆరోగ్యం బాగుందని ఎక్కువగా చెప్పారు.

కాగితాల సంగతి వేరే గొడవ. అమెరికా 1930 జనగణనలో "మెక్సికన్" అనేది ఒక జాతి. 1940కి ఆ గడి తీసేశారు, అందరూ తెల్లవారైపోయారు. 2010లో లాటినోల్లో సగానికి పైగా తెల్లవారమని రాసుకుంటే, 2020లో తెల్లవారమని మాత్రమే రాసుకున్నవారు ఐదింట ఒక వంతు. ప్రశ్న అడిగే తీరు, జవాబులను లెక్కించే తీరు మారడం కూడా దీనికి కొంత కారణం. 2024 మార్చిలో జాతి, హిస్పానిక్ మూలం రెండింటినీ ఒకే ప్రశ్నగా కలపాలని నిర్ణయించారు. గడి మారినా వీధిలో మనిషిని చూసే కన్ను మారదు.


లెక్కల పుస్తకం
బుధవారం, ఉదయం 8:10

చామనఛాయ గారూ, మీ ఉత్సాహం అర్థమైంది. కొంచెం జాగ్రత్త కూడా అవసరం. గుయామా అధ్యయనం చిన్నది. "మీ ఆరోగ్యం ఎలా ఉంది" అని అడిగి రాసుకున్న జవాబు రక్తపరీక్ష కాదు. అవమానం ఒంట్లోకి ఎలా వెళుతుందో దారి చూపకుండా దాన్ని జబ్బుకు కారణం అనలేం.

అందరినీ ఒకే మూటగా చూడకూడదన్న మాటతో మాత్రం పూర్తిగా ఏకీభవిస్తాను. బ్రాంక్స్, షికాగో, మయామీ, శాన్ డియేగోలలో 16 వేలమందికి పైగా లాటినోలను 2008 నుంచి 2011 వరకు పరీక్షించారు. షుగరు దక్షిణ అమెరికా వారిలో 10 శాతం, మెక్సికో, పోర్టోరికో, డొమినికన్ వారిలో 18 శాతం దరిదాపు. ఇక్కడ గడిపిన ఏళ్లు పెరిగే కొద్దీ షుగరు పెరిగింది. ఆదాయం, చదువు పెరిగే కొద్దీ తగ్గింది.


సరిహద్దు దారి
బుధవారం, సాయంత్రం 7:30

దారి చూపమన్నారు కదా, పోస్ట్‌విల్ సంగతి చెబుతాను. అయోవా రాష్ట్రంలో రెండు వేల పైచిలుకు జనాభా ఉన్న ఊరు అది. 2008 మే 12న అక్కడి మాంసం కర్మాగారం మీద వలస అధికారులు దాడి చేసి 389 మందిని పట్టుకుపోయారు. ఎక్కువమంది గ్వాటెమాలా వారు. ఊరంతా ఒక్క రోజులో ఖాళీ అయినట్టయింది. మిగిలినవారు చర్చిలో తలదాచుకున్నారు.

మిషిగన్ విశ్వవిద్యాలయం వారు తర్వాత ఆ రాష్ట్రమంతటి జనన రికార్డులు తీసి, దాడి తర్వాతి 37 వారాలను అంతకుముందు ఏడాది అవే వారాలతో పోల్చారు. లాటినా తల్లులకు తక్కువ బరువుతో బిడ్డలు పుట్టే ముప్పు 24 శాతం పెరిగింది. తెల్ల తల్లులలో ఏ మార్పూ లేదు. అసలు మాట ఇంకా ఉంది. ముప్పు పెరిగింది వలస వచ్చిన తల్లులకే కాదు, అమెరికాలో పుట్టిన లాటినా తల్లులకు కూడా. వారిని ఎవరూ పట్టుకుపోలేరు. చేతిలో పౌరసత్వం ఉంది. చాలామంది ఆ ఊరికి దూరంగా ఉన్నవారే. అయినా కడుపులో బిడ్డ బరువు తగ్గింది.

లెక్కల పుస్తకం గారూ, ఆ 37 వారాల్లో వారి వంటగదులేమీ మారలేదు. భయం వచ్చింది. మనల్ని చూసి ఎవరనుకుంటారో అన్న భయం.


లెక్కల పుస్తకం
బుధవారం, రాత్రి 9:02

ఒప్పుకుంటున్నాను. ముందూ వెనకా పోల్చడానికి వీలున్న, బలమైన ఉదాహరణ అది.


రాత్రి డ్యూటీ
గురువారం, ఉదయం 5:55

ఇప్పుడే డ్యూటీ దిగాను. ఆసుపత్రి వైద్యుడిని. మీరందరూ రాసింది చదివాక, సంస్కృతి అనే మాటనే పక్కకు నెట్టేస్తున్నామేమోనని భయం వేసింది. నేను రోజూ చూసే విషయాలు కొన్ని రాస్తాను.

మొదటిది భాష. 1980లో ఫ్లోరిడాలో 18 ఏళ్ల క్యూబా యువకుడిని స్పృహ లేని స్థితిలో తెచ్చారు. ఇంట్లోవారు "ఇంతోక్సికాదో" అన్నారు. తిన్నదేదో పడలేదని వారి భావం. వైద్యులు మత్తుమందు అతిగా తీసుకున్నాడని అనుకున్నారు. నిజానికి మెదడులో రక్తస్రావం అవుతోంది. ఆ అబ్బాయికి కాళ్లూ చేతులూ పడిపోయాయి. వైద్యవిద్యార్థులకు ఈ కేసును ఇప్పటికీ పాఠంగా చెబుతారు. చెప్పినా, ఎనిమిదేళ్ల పిల్లవాడు తల్లికి క్యాన్సర్ సంగతి అనువదించి చెప్పడం నా కళ్లతో చూశాను. వాడు "క్యాన్సర్" అనే మాటను మింగేసి, "అమ్మా, నీకు గడ్డ ఉందట, మందు ఇస్తారట" అన్నాడు. ఆ పిల్లవాడి గొంతు ఇప్పటికీ నా చెవిలో ఉంది.

రెండోది, పాత పద్ధతులన్నీ అమృతం కాదు. పిల్లలకు పొట్ట బిగిస్తే "గ్రేతా", "అసర్కోన్" అనే పొడులు వేస్తారు కొన్ని ఇళ్లలో. రెండూ సీసపు పొడులే. పిల్లల మెదడును దెబ్బతీస్తాయి. వేపచెట్టు గారూ, మీ దగ్గరకు వచ్చేవారిని తప్పకుండా అడగండి. కానీ అడిగే తీరు ముఖ్యం. వారికి "మాల్ దె ఓహో" అని ఉంది, అచ్చం మన దిష్టి. గుడ్డుతో పిల్లల ఒళ్లంతా నిమిరి, పగలగొట్టి గ్లాసు నీళ్లలో వేసి చూస్తారు. నేను ఒక తల్లితో "మా అమ్మ ఉప్పూ మిరపకాయలతో తీసేది" అన్నాక ఆమె ముఖం విప్పారింది. అప్పుడే సంచిలోంచి పొడి డబ్బా తీసి చూపించింది. అది మామూలు చామంతి పూల పొడి, ప్రమాదం లేదు. అయినా అప్పటిదాకా ఏ డాక్టరుకూ చూపించలేదట.

మూడోది చట్టం. 1996 చట్టం ప్రకారం కాగితాలన్నీ సవ్యంగా ఉన్న కొత్త వలసదారులలో కూడా చాలామంది ప్రభుత్వ బీమాకు ఐదేళ్లు ఆగాలి. కాగితాలు లేనివారికి అదీ లేదు. ఆ ఐదేళ్లలో ముదిరిన జబ్బును తర్వాత "జీవనశైలి" ఖాతాలో రాస్తాం.


ఉద్దానం బిడ్డ
గురువారం, మధ్యాహ్నం 12:15

నాది శ్రీకాకుళం జిల్లా. కిడ్నీ జబ్బుతో మా ఇంట్లోనే ఇద్దరు పోయారు. ఎల్ సాల్వడార్, నికరాగువా చెరకు తోటల్లో పనిచేసేవారికి కూడా షుగరు లేకుండా, రక్తపోటు లేకుండా కిడ్నీలు చెడతాయని చదివాను. అక్కడినుంచి అమెరికాకు వలస వచ్చినవారికి ఈ పరీక్ష చేస్తారా? చేయకపోతే దయచేసి చేయించండి. మా వాళ్లకు తెలిసేసరికి ఆలస్యమైపోయింది.


రాత్రి డ్యూటీ
గురువారం, మధ్యాహ్నం 2:40

ఉద్దానం బిడ్డ గారూ, మీరు అన్నది నిజం. ఎల్ సాల్వడార్ వైద్యులు 2002లోనే దీన్ని రాశారు. ఎండలో గంటల తరబడి నీళ్లు లేకుండా పని చేయడం ముఖ్య కారణాల్లో ఒకటని బలంగా అనుకుంటున్నారు. ఇక్కడ అత్యవసర విభాగానికి తొలిసారి వచ్చేసరికే డయాలసిస్ అవసరమైన మధ్య అమెరికా యువకులను నేను చూశాను. "ఏ దేశం" అని అడుగుతాం, "ఏ పని చేసేవాడివి" అని అడగం. ఇకనుంచి అడుగుతాను. మీ ఇంట్లో జరిగినదానికి చాలా బాధగా ఉంది.


నిర్వాహకులు
గురువారం, సాయంత్రం 4:00

వలసదారులను కించపరుస్తూ వచ్చిన ఒక వ్యాఖ్యను తొలగించాం. చర్చ కొనసాగించండి.


చామనఛాయ
గురువారం, రాత్రి 8:20

డెట్రాయిట్‌లో మెక్సికో మూలాలున్న స్త్రీలతో ఎడ్నా విరుయెల్-ఫుయెంటెస్ అనే పరిశోధకురాలు చేసిన ఇంటర్వ్యూల గురించి చెప్పకుండా ఉండలేను. 2007లో వచ్చిన పని అది. మొదటి తరం స్త్రీలు ఎక్కువగా తమవారి మధ్యే, తమ పేటలోనే, తమ భాషలోనే బతికారు. రెండో తరం స్త్రీలు బడికి వెళ్లారు, కార్యాలయాలకు వెళ్లారు. "నువ్వు ఇక్కడిదానివి కావు" అన్న సూచన వారికి రోజూ ఎదురైంది. ఇక్కడ పుట్టినందుకు, ఇంగ్లీషు వచ్చినందుకే అది వారికి పూర్తిగా వినిపించింది.

"అమెరికా సంస్కృతికి అలవాటుపడ్డారు" అని మనం తేలికగా రాసే వాక్యంలో ఈ అనుభవం మొత్తం దాగి ఉంది. పరిశోధకులు చాలాకాలం పాటు ఈ అలవాటుపడటాన్ని ఇంట్లో ఏ భాష మాట్లాడతారు, ఎన్నేళ్లయింది వచ్చి అనే ప్రశ్నలతోనే కొలిచారు. ఆ కొలబద్ద మీద నాకు మొదటినుంచీ కోపం ఉంది. దానితో కొలిస్తే తప్పంతా వలస వచ్చినవారి ఇంటి గుమ్మం లోపలే కనబడుతుంది.


కొత్తిమీర కట్ట
శుక్రవారం, ఉదయం 6:50

రెండు రోజులుగా చదువుతూనే ఉన్నాను. పళ్లెంలోనే జవాబు ఉందని రాశాను, ఆ మాట తొందరపడి అన్నాను. తిండి ముఖ్యమే, కానీ అది ఒక్కటే కాదని ఇప్పుడు అనుకుంటున్నాను.

మా అమ్మాయికి పదహారేళ్లు. నా రంగు, వాళ్ల నాన్న జుట్టు. పోయిన ఏడాది ఒక దుకాణంలో మా వెనక నిలబడినామె మా అమ్మాయిని చూసి, "మీ దేశానికి పో" అని స్పానిష్ మాటలు రెండు కలిపి అంది. మెక్సికన్ అనుకుంది. నేను వెంటనే "మేము ఇండియన్లం" అన్నాను. ఇంటికి వచ్చాక అమ్మాయి నన్ను అడిగింది: "మెక్సికన్ అయితే అనొచ్చా అమ్మా?" నేను జవాబు చెప్పలేకపోయాను. ఆ రాత్రి అది అన్నం తినలేదు. ఆ ఒక్క రోజుకే అలా ఉంటే, రోజూ వినేవారి ఒళ్లు ఏమవుతుందో వేపచెట్టు గారి పోస్టు చదివాక మొదటిసారి ఆలోచించాను.


వేపచెట్టు
మూడు వారాల తర్వాత, ఆదివారం, సాయంత్రం 5:30

అందరికీ నా నమస్కారాలు. నిన్న ఆ అమ్మమ్మా మనవరాలూ మళ్లీ వచ్చారు. ఆ అమ్మాయి రెండు ఉద్యోగాల మధ్య కుదరదంటే శనివారం వేళ ఇప్పించాను. ఈసారి తిండి కాగితం బయటకు తీయలేదు. పని ఎలా ఉంది, నిద్ర ఎలా ఉంది, బయట మనుషులు ఎలా చూస్తారు అని అడిగాను. దుబాసీని కూడా కూర్చోబెట్టాను, అమ్మమ్మకు ప్రతి మాటా తెలియాలని.

ముందు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మొదలుపెడితే ఆపలేదు. అక్కాచెల్లెళ్లు ఇద్దరిలో తనే నలుపట. అక్కతో కలిసి వెళ్తే అక్కను మాత్రమే పలకరిస్తారట. కార్యాలయంలో కొత్తగా వచ్చినవాళ్లు తన చేతికి చెత్తబుట్ట అందించిన సందర్భాలు మూడున్నాయి, మూడింటి తేదీలూ గుర్తున్నాయి. సెలవులకు మెక్సికో వెళ్తే అక్కడి బంధువులు తన స్పానిష్ విని "పోచా" అంటారట. మనది కానిది, అమెరికా పిల్ల అని. రాత్రిళ్లు దవడ బిగించి పళ్లు నూరుతుందట. నోరు తెరిచి చూపించింది. 29 ఏళ్లకే వెనక పళ్ల కొనలు అరిగి చదునైపోయాయి.

అమ్మమ్మ అంతా విని, దుబాసీ ద్వారా నాకు చెప్పింది: "నేను తుడిచిన ఇళ్లలో వాళ్లు నా గురించి ఏమనుకునేవారో నాకు తెలియదమ్మా. నాకు ఇంగ్లీషు రాదు. దీనికి వచ్చు."

మా వైద్యశాలలో పేట నుంచే వచ్చిన ఆరోగ్య కార్యకర్త ఉన్నారు. ప్రొమొతోరా అంటారు, మన ఆశా కార్యకర్తలాంటివారు. ఇంకో ఆరుగురు యువతులతో కలిపి బుధవారం సాయంత్రాలు ఒక చిన్న బృందం మొదలుపెట్టారు. మనవరాలు వెళ్తానంది. లెక్కలు రాసే రెండో పని వారానికి రెండు రోజులకు తగ్గించుకునే ప్రయత్నంలో ఉంది. మందు మొదలైంది. మా డాక్టరు గారు ఈసారి అమ్మమ్మ భోజనం సంగతి ఎత్తలేదు, పళ్ల డాక్టరుకు చీటీ రాశారు.

రాత్రి డ్యూటీ గారు చెప్పినట్టు ఆ పొడుల గురించి అడగడం మొదలుపెట్టాను. ఉద్దానం బిడ్డ గారూ, మధ్య అమెరికా నుంచి వచ్చినవారికి "ఏ పని చేసేవారు" అనే ప్రశ్న మా కాగితంలో చేర్చాం.

వెళ్తూ వెళ్తూ అమ్మమ్మ నా బల్ల మీద ఒక సంచి పెట్టింది. ముళ్లు గీకిన బ్రహ్మజెముడు ఆకులు, పన్నెండు, తడిగుడ్డలో చుట్టి. తరువాతి రక్తపరీక్ష మూడు నెలల తర్వాత. ఫలితం వచ్చాక ఇక్కడే రాస్తాను.